పోరుమామిళ్ల శాసనోక్త తటాక దోషములు – నీటి యార్థిక విచారము

శకవర్షము 1291, అనగా క్రీ. శ. 1369లో, కడప సీమయందలి పోరుమామిళ్లలో నొక చెఱువు ప్రతిష్ఠింపబడినది. దానిని కట్టించినవాడు విజయనగరాధీశుడగు మొదటి బుక్కరాయల కుమారుడును, ఉదయగిరి రాజ్యమును పాలించుచుండిన వాడును అగు భాస్కరుడు. ఇతనికి భవదూరుడనియు నామాంతరము కలదు. చెఱువునకు అనంతరాజసాగరమని పేరిడిరి. తత్సందర్భమున వ్రాయింపబడిన సంస్కృత శాసనము ఎపిగ్రాఫియా ఇండికా పదునాలుగవ సంపుటమున ప్రకటితమై పండితులకు సుపరిచితమై యున్నది. చెఱువులను త్రవ్వించితిమనియు, వాని క్రింద భూములను దానము చేసితిమనియు చెప్పు శాసనములు మనకు పెక్కు గలవు. కాని చెఱువును ఎట్టి చోట కట్టవలెనో, ఎట్టి చోట కట్టరాదో శాస్త్రరీతిని చెప్పునవి మిక్కిలి యరుదు. ఆ యరుదైన వానిలో పోరుమామిళ్ల శాసనము తలమానికము వంటిది.

ఈ శాసనమును ఇంతవఱకు చరిత్రకారులు రాజవంశ నిర్ణయమునకును, ఇంజనీర్లు ప్రాచీన నిర్మాణ కౌశల నిరూపణకును ఎక్కువగా వినియోగించుకొనిరి. మేమీ వ్యాసమున దానిని వేఱొక దృష్టితో పరిశీలింపదలచితిమి. నీటిని గూర్చిన నేటి యార్థిక, సాంఘిక, రాజకీయ చర్చలకు ఈ శాసనము ఒక విచారక్రమమును సమకూర్పగలదని మా యభిప్రాయము. అందులకు ముందుగా శాసనము చెప్పినదేమో చూడవలెను.

మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలెనని శాసనము చెప్పుచున్నది. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును అగు రాజు, జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి మన్ను గల నేల, మూడు యోజనముల దూరమునుండి తీయని నీటిని తెచ్చు నది, చెఱువునకు తగిలియుండు కొండ, ఆ కొండ భాగముల నడుమ మిక్కిలి పొడవుగాక దృఢముగా నుండు ఱాతికట్ట, ఫలవంతమగు భూమికి ఎడముగా నుండు కట్ట కొనలు, విశాలమును లోతునునైన గర్భము, పొడవైన తిన్నని ఱాళ్లనిచ్చు గని, సమీపమున సారవంతమైన పల్లపు పొలములు, కొండయొత్తున సుడులు తిరుగుచు వెలువడు జలమార్గము, తుదకు కట్టడమున నేర్పుగల పనివారి సమూహము – ఇవి యా పండ్రెండు. పిమ్మట ఆఱు దోషములు చెప్పబడినవి: కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, ఇద్దఱు రాజుల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ మిట్టయుండుట, నీరు కొంచెమై సాగు చేయవలసిన నేల విస్తారమై యుండుట, నేల కొంచెమై నీరు అధికమై యుండుట.

ఈ యాఱింటిని పరిశీలించినచో ఒక విశేషము కనబడును. మొదటిది, రెండవది, నాలుగవది నేలకును కట్టకును సంబంధించినవి. మూడవది కేవల రాజకీయము. ఐదవది, ఆఱవది నీటికిని నేలకును గల పాళమును చెప్పునవి. అనగా అర్థశాస్త్ర విషయములు. ప్రకృతిని, రాజ్యమును, ఆర్థికమును వేఱుపఱుపక ఒక్క పట్టికలో చేర్చుట ఈ శాసనకర్త దృష్టి విశాలతకు గుఱుతు. నేడు ఈ మూటిని మఱల నొకచో చేర్చుటకు యత్నించు శాస్త్రమునకు జీవావరణార్థశాస్త్రమని పేరు.

అర్థశాస్త్రమునకు నీరు మొదటినుండియు ఒక చిక్కుప్రశ్నయే. ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన తన గ్రంథమున, మిగుల నుపయోగకరమైన నీటికి వెల లేకుండుటను, ఉపయోగము స్వల్పమైన వజ్రమునకు మిక్కుటమైన వెల యుండుటను ఎత్తి చూపెను. తరువాతి వారు దానికి కొఱతను బట్టి విలువయని సమాధానము చెప్పిరి. 1992లో డబ్లినులో సమావేశమైన నిపుణులు నీటిని ఆర్థిక వస్తువుగా గుర్తింపవలెనని ప్రకటించిరి. వెల లేని వస్తువు దుర్వ్యయమగుననుట వారి వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. కాని జీవావరణార్థశాస్త్రము ఇంకొక మెట్టు ముందునకు పోయి, మానవుని యార్థిక వ్యవస్థ ప్రకృతి వ్యవస్థలో నొక భాగము మాత్రమేయనియు, ప్రకృతి యిచ్చినదానికి మించి ఏ లెక్కయు సాగదనియు చెప్పుచున్నది.

నీటి విషయమున ఈ భేదము స్పష్టముగా తెలియును. వడ్లగింజ నొకడు తినినచో వేఱొకనికి లేదు. నీరట్లు కాదు. ఎగువ చెఱువు అలుగు పాఱిన నీరు దిగువ చెఱువునకు వచ్చును. చెఱువు క్రిందికి ఇంకిన నీరు ఆయకట్టు బావులలో ఊరును. పొలమునుండి జాఱిన నీరు వాగున చేరి వేఱొక యూరి పాలగును. ఒకని లెక్కలో నష్టమని వ్రాసినది వేఱొకని లెక్కలో ఆదాయము. కాకతీయుల సీమలో గొలుసుకట్టు చెఱువులు ఈ యెఱుక మీదనే ఏర్పడినవి. అదనపు నీరు పోవు మార్గమునకు తెలంగాణమున అలుగు, మత్తడి యనియు, రాయలసీమలో మరవ యనియు, నెల్లూరు ప్రాంతమున కలుజు అనియు పేర్లుండుట గమనింపదగినది. ఒక్కొక్క సీమ తన సొంత పలుకుబడిలో దీనికొక పేరు పెట్టుకొనినదన్నచో, చాలిన తరువాత మిగిలినదానిని వదలుట చెఱువు ధర్మములలో ప్రధానమని జనులెఱిగియుండిరన్నమాట.

ఇక ఈ చెఱువులను కట్టినదెవరు? కార్ల్ విట్ఫోగెల్ అను పండితుడు 1957లో ప్రకటించిన గ్రంథమున, ప్రాచ్యదేశములలో గొప్ప నీటి కట్టడములకు విస్తారమగు నధికార యంత్రాంగము ఆవశ్యకమైనదనియు, దానినుండియే నిరంకుశ రాజ్యములు పుట్టినవనియు సిద్ధాంతీకరించెను. ఆంధ్రదేశ శాసనములు ఈ సిద్ధాంతమునకు అనుకూలముగా లేవు. గణపతిదేవుని సోదరియగు మైలాంబ బయ్యారమున చెఱువు కట్టించి శాసనము వేయించినది. రామప్ప గుడిని 1213లో ప్రతిష్ఠించిన రేచర్ల రుద్రుడు రాజు కాడు, సేనాని. సామంతులు, మంత్రులు, దేవాలయములు, వర్తకులు, గ్రామములు ఎవరికి వారే చెఱువులు నిర్మించిరి. తటాకమును సప్తసంతానములలో నొకటిగా, కొడుకుతోను కావ్యముతోను సమానముగా, ఎంచుట ఈ ప్రయత్నమునకు ధర్మబలము నిచ్చినది. రాజ్యము చేసిన పని చాలవఱకు ప్రోత్సాహమే.

ఆ ప్రోత్సాహమునకు ఆర్థిక రూపము దశబంధము. చెఱువు త్రవ్వించినవారికి, లేక చెడిన చెఱువును బాగుచేసి కాపాడుదుమని పూనుకొనినవారికి, దాని క్రింది భూమిలో నొక భాగమును మాన్యముగా నిచ్చుట ఈ పద్ధతి. ఇది ఆంగ్లేయుల కాలమున ఇనాముల లెక్కలలోను నిలిచియుండినది. ఇందలి మర్మమును ఆలోచింపవలెను. నిర్మాతకు లభించినది రొక్కము కాదు; చెఱువులో నీరున్నంత కాలమే ఫలమిచ్చు భూమి. కట్ట తెగినచో మాన్యమును ఎండును. కాబట్టి కట్టను కాచుట దశబంధదారుని ధర్మము మాత్రమే కాక, లాభమును అయినది. నిర్మాణమునకు ఒకరిని, నిర్వహణమునకు వేఱొకరిని నియమించి, నష్టము మూడవవాని తలపై నుంచు నేటి కొన్ని పద్ధతులతో పోల్చిచూచినచో దీని వివేకము తేటపడును.

మొదటి దోషము, కట్టనుండి నీరు కాఱుట, ఈ నిర్వహణ విషయమునే సూచించుచున్నది. ఏ మట్టికట్టయైనను ఏటేట మరమ్మతు కోరును. తుమ్మలు పెరికి, బొఱియలు పూడ్చి, తూములు సరిచేసి, వాన రాత్రులలో కావలియుండుటకు గ్రామము కలిసి రావలెను. ఈ యుమ్మడి పని పందొమ్మిదవ శతాబ్దినాటికి సడలజొచ్చినది. 1858లో మద్రాసు ప్రభుత్వము చెఱువు కట్టలు తెగు ప్రమాదమున గ్రామస్థులచే నిర్బంధముగా పని చేయించుటకు చట్టము చేయవలసి వచ్చుట దీనికి తార్కాణము. ఆచారముచే జరుగుచున్న పనికి చట్టము కావలసి వచ్చెననిన, ఆచారము బలహీనమైనదని యర్థము. అదే కాలమున ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున 1847లో నారంభించిన ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియై, డెల్టాల రూపు మార్చినవి. పెట్టుబడికి రాబడి యెంతయని చూచు ప్రభుత్వమునకు వేలకొలది చిన్న చెఱువులకంటె రెండు గొప్ప ఆనకట్టలే లాభకరముగా తోచుట సహజము. నీటిచే డెల్టాలు పొందిన మేలు కాదనరానిది. కాని నీటి తీరువ లెక్కలో చెఱువు విలువ తక్కువగా కనబడుటకు కారణము, చెఱువు చేయు పనులలో చాలవానికి తీరువ లేకపోవుటయే. బావులలో నీరు నిలుచుట, పశువులు త్రాగుట, చేపలు పెరుగుట, వరద యాగుట – వీనికి ఖాతా లేదు.

తెలంగాణ రాష్ట్రము 2015లో ఆరంభించిన మిషన్ కాకతీయ పథకము 46 వేలకు పైగా చెఱువుల పునరుద్ధరణమును సంకల్పించినది. అందు చెఱువు మట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనిపోవుట యొక ముఖ్యాంశము. గర్భమునకు పూడికయైనది పొలమునకు ఎరువగుట మనము పైన చెప్పిన సూత్రమునకే ఉదాహరణము. అయినను మట్టి తీయుట సులభము. మనుష్యులను మఱల కట్టమీదికి తెచ్చుట కష్టము. ప్రతి రైతునకును సొంత బోరు బావి యున్నప్పుడు ఉమ్మడి కట్టను కాచువారెవరు? ఇది ఇంజనీరింగు ప్రశ్న కాదు, సంఘ ప్రశ్న.

రెండవదియు నాలుగవదియు నగు దోషములను కలిపి చూడవచ్చును. చెఱువు నడుమ మిట్టయున్నచో నీరు నిలుచు చోటు తగ్గును. శాసనకర్త స్వాభావికమైన మిట్టను ఉద్దేశించెను. నేడు ఆ మిట్టను మనమే పెంచుచున్నాము. తుంగభద్ర జలాశయము 1953లో పూర్తియైనప్పుడు దాని నిలువ సామర్థ్యము 133 శతకోటి ఘనపుటడుగులు (టి.ఎం.సి.). పూడికచే నది క్రమముగా తగ్గి 2016 నాటి కొలతలో సుమారు 105కు వచ్చినది. ఎగువ కొండలలో అడవి తఱిగినచో దిగువ జలాశయమున మన్ను పెరుగును. అడవిని కొట్టినవాని లాభము వెంటనే లెక్కకు వచ్చును. జలాశయము కోల్పోయిన సామర్థ్యము ఎవ్వరి లెక్కకును రాదు, కాలువ చివర పొలము ఎండిన రైతు కడుపునకు మాత్రము వచ్చును.

చవుడు దోషమునకు కొల్లేరు చక్కని దృష్టాంతము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల వరదను తాల్చి, ఉప్పుటేఱు మీదుగా సముద్రమునకు పంపును. సరస్సులోని నేలను చేపల చెఱువులుగా మార్చినచో ఎకరమునకు ఎక్కువ ఆదాయము వచ్చునని గ్రహించిన పెట్టుబడిదారులు దానిని గట్లతో నింపిరి. 1999లో సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తు రేఖవఱకు గల ప్రదేశము అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగా గుర్తింపు వచ్చినది. 2006లో ప్రభుత్వము గట్లను కొట్టించినది. మంచినీటి రాక తగ్గినకొలది ఉప్పుటేఱు వెంట ఉప్పునీరు వెనుకకు నడచును. సరస్సు నెల్లప్పుడు నమ్ముకొనియున్న జాలరుల జీవనము, పెట్టుబడి పెట్టినవారి లాభము, పక్షుల యునికి, ఊళ్లకు వరద రక్షణ – ఈ నాలుగు ప్రయోజనములలో దేనికి ఎంత తూకమనుట ధరల పట్టిక చెప్పజాలదు. అది రాజకీయ నిర్ణయమే.

ఇట్లు మూడవ దోషమునకు వచ్చుచున్నాము. ఇద్దఱు రాజుల పొలిమేరలో చెఱువు కట్టరాదని శాసనకర్త చెప్పినది తగవునకు భయపడి. నదులు పొలిమేరల నెఱుగవు గనుక మనకు ఈ దోషమును తప్పించుకొను మార్గము లేదు. దానిని సహించుటకు సంస్థలను నిర్మించుకొనుటయే గతి. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు చేసికొనిన యొడంబడిక దిగువవాని పూర్వానుభవమును కాపాడి ఎగువవాని క్రొత్త కట్టడములను అదుపులోనుంచినది. 1937 నవంబరు 16వ తేదీ కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములయందు రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్యమీయవలెనను షరతు కలదు. అనగా తెలుగువారి రాష్ట్రము నేర్పఱుపవలెనను ప్రయత్నములోనే నీటి పంపకము ఒక మూలాంశముగా నుండినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము ఏర్పడుటలలో ప్రతిచోటను నీటి మాట వినబడినది.

1956లోనే పార్లమెంటు అంతర్రాష్ట్ర నదీజల వివాదముల చట్టమును చేసినది. దాని క్రింద 1969లో నియమితమైన బచావత్ న్యాయమండలి 1973లో తీర్పు చెప్పి 1976లో దానిని ముగించినది. నాలుగేండ్లలో మూడేండ్లు నమ్మదగిన కృష్ణా ప్రవాహము 2060 టి.ఎం.సి.లని నిర్ణయించి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచినది. పునరాగత జలములతో ఆంధ్రప్రదేశ భాగము 811 అయినది. రాష్ట్ర విభజనానంతరము 2015లో దీనిని తాత్కాలికముగా ఆంధ్రప్రదేశమునకు 512, తెలంగాణమునకు 299గా వాడుకొనుటకు అంగీకారము జరిగినది. 2023లో ఈ పంపకమును విచారించుటకు కేంద్రప్రభుత్వము రెండవ న్యాయమండలికి క్రొత్త విచారణాంశముల నిచ్చినది. ఈ యంకెల నొకసారి కూడి చూచిన విద్యార్థికి ఒక సంగతి తట్టక మానదు: 560, 700, 800 కలిసి సరిగా 2060 అగును. నమ్మదగిన నీరంతయు రాష్ట్రములకే పంచబడినది. నదికి, డెల్టాకు, సముద్రముఖమునకు ప్రత్యేకముగా నొక పాలు ఉంచబడలేదు. ఈ శతాబ్ద్యాదిని వచ్చిన కఱవు సంవత్సరములలో కృష్ణ సముద్రమును చేరుట దాదాపు నిలిచిపోయినది. సముద్రమున కలియు నీరు వ్యర్థమను మాట మనలో నానుడియైనది. కాని ఆ నీరే డెల్టా యంచున ఉప్పును వెనుకకు నెట్టుచున్నది, మడ యడవులను పోషించుచున్నది, నేలను నిలుపు మన్నును తెచ్చుచున్నది.

ఐదవ దోషము, నీరు కొంచెము నేల విస్తారము, నేటి మన నీటి కష్టములలో మిక్కిలి వ్యాపించినది. తుంగభద్ర కాలువలు కఱవు ప్రాంతమునకు రక్షణగా, తక్కువ నీటిని ఎక్కువ నేలకు పంచు నుద్దేశముతో ఏర్పడినవి. ఏ భూమిలో తరి, ఏ భూమిలో ఆరుతడి పండింపవలెనో ముందే నిర్ణయించిరి. కాని కాలువ తలభాగమునున్నవారు ఆరుతడి నేలలో వరి నాటినచో, చివరివారికి కాగితముమీద మాత్రమే నీరు మిగులును. తలభాగపు రైతు చేసినది అతని కమతము లెక్కలో తప్పు కాదు. వరికి వెల కలదు, అమ్మకము కలదు. ఊరి లెక్కలో, కాలువ లెక్కలో అది దోషము.

ఇక్కడనే మనుష్యుల నేర్పును చూపు సాక్ష్యమును కలదు. రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువ గ్రామములను పరిశీలించి 1988లో నొక గ్రంథము ప్రకటించెను. కాలువ చివరనుండి నీటి కొఱతకు గుఱియగు గ్రామములే తమంత తాము సభయై, ఉమ్మడి నిధి కూర్చుకొని, నీరు కట్టువారిని నియమించుకొనిరనియు, నీటికి కొఱత లేని గ్రామములు అట్టి యేర్పాటులు చేసికొనలేదనియు ఆయన చూపెను. ఉమ్మడి వనరులను ప్రజలే నియమములతో కాపాడుకొనగలరని 1990లో నిరూపించి 2009లో నోబెల్ బహుమానమందిన ఎలినార్ ఆస్ట్రమ్ వాదమునకు ఇది తోడ్పడునది. కొఱత తగవునే కాదు, కట్టుబాటును పుట్టించును.

అయితే కొఱత కంటికి కనబడవలెను. చెఱువులో నీరెంత యున్నదో ఊరంతయు చూచును. భూగర్భమున నెంత యున్నదో ఎవ్వరును చూడరు. తెలంగాణ రాయలసీమలలో చాలభాగము గట్టి ఱాతి నేల. దాని పగుళ్లలో నిలుచు నీరు స్వల్పము. ఒకడు లోతుగా త్రవ్వినచో పొరుగువాని బావి యెండును. అతడు ఇంకను లోతునకు పోవును. 2004లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చినది. మెట్ట రైతు దైన్యమును చూచినవారు దానిని అన్యాయమనలేరు, కాలువ రైతునకు ప్రజాధనముతో నీరు వచ్చుచుండగా బోరు రైతు సొంత అప్పుతో నీరు తెచ్చుకొనుచున్నాడు గనుక. కాని మోటారు త్రిప్పుటకు ఖర్చు లేనప్పుడు ఆపుటకు కారణమును లేదు. 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము బావుల నడుమ దూరమును, అనుమతులను విధించినది. అయినను పక్కవాని బావి చూచుచు ఎండిన పైరుతో నిలిచిన రైతును చట్టపు మాట ఆపుట కష్టము. లోతునుండి తోడిన నీటిలో ఫ్లోరైడు వచ్చుట ఇంకొక మూల్యము. మన దేశమున నీ వ్యాధి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. పిమ్మట నల్లగొండ పేరు దీనితో ముడివడినది. వంగిన యెముకలు ఏ పంట లెక్కలోను ఖర్చుగా వ్రాయబడలేదు.

ఆఱవ దోషము, నేల కొంచెము నీరు అధికము, మొదట వింతగా తోచును. నీరెక్కువగుట దోషమెట్లు? కర్నూలు కడప కాలువ చరిత్ర దీనికి సమాధానము. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863 మొదలు 1871 వఱకు సుంకేసుల ఆనకట్టనుండి ఈ కాలువను త్రవ్వించినది. పెట్టుబడిపై వడ్డీకి ప్రభుత్వము పూచీ పడినది. నీరు వచ్చినది, కాని కొనువారు రాలేదు. ఆ సీమలోని రేగడి నేల ఒక మంచి వానకే పదును పట్టి జొన్నను, ప్రత్తిని పండించును. దానికి కాలువ నీరు ఏటేట పనిలేదు. వాన తప్పిన యేటనే రైతులు నీరడిగిరి. వాన పడిన యేట తీరువ చెల్లించుట దండుగయనుకొనిరి. నష్టపడిన కాలువను 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చినది. అధికారులు కొందఱు దీనిని రైతుల మొండితనమనిరి. నిజమునకు రైతు తన నేల గుణమును లెక్కించెను, కంపెనీ లెక్కింపలేదు.

నీరు ఎక్కువగుటయనగా దానికై పెట్టిన ఖర్చు నేల యీయగల ఫలమును మించుటయని గ్రహించినచో ఈ దోషము నేటి యెత్తిపోతలకును వర్తించును. 2019లో ప్రారంభింపబడిన కాళేశ్వరము పథకమున గోదావరి నీరు మేడిగడ్డవద్ద సముద్రమట్టమునకు 100 మీటర్ల యెత్తునుండి కొండపోచమ్మ సాగరమున 618 మీటర్ల వఱకు ఎక్కవలెను. ఎగువ తెలంగాణమునకు గోదావరి నీరు రావలెనను కోరిక న్యాయమైనదే. పల్లమునకు పుట్టిన వానికి మాత్రమే నీరను నియమము ధర్మము కాజాలదు. అయినను ఎత్తిన ప్రతి యడుగునకును విద్యుత్తు కావలెను, అది యే యేటికాయేడు చెల్లింపవలసిన ఋణము. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభములు క్రుంగుటతో మొదటి దోషమును దీనితో చేరినది. ఎత్తు, ఖర్చు, పంట, న్యాయము – ఈ నాల్గింటిని ఒకే పట్టికలో వ్రాసి చూచు నలవాటు మనకు కలుగవలెను.

ఇంతవఱకు శాసనమును అనుసరించితిమి. దాని కొఱతను చెప్పుటయు మా విధి. ఆఱు దోషములును కట్టించువాని దృష్టినుండి చెప్పబడినవి. అనంతరాజసాగరమున దినమునకు వేయిమంది కూలివారు రెండేండ్లు పనిచేసిరనియు, ఱాళ్లు తోలుటకు నూఱు బండ్లు నడచెననియు శాసనము చెప్పుచున్నది. వారి సంఖ్య యున్నది, వారికి దక్కినదేమో లేదు. కట్ట కొనలు ఫలవంతమగు భూమికి ఎడముగా నుండవలెనన్నది. మునుగు భూమిలోని మనుష్యుల మాట యెత్తలేదు. ఒకరికి వచ్చు లాభమునకు మూల్యము వేఱొకరు చెల్లించుటను ఏడవ దోషముగా మనము చేర్చుకొనవలెను.

ఈ దోషము ప్రాచీనము, నవీనము కూడ. ఊరి చెఱువునకు తూములెత్తి మడిమడికి నీరు పెట్టిన నీరటి తఱచుగా దళితుడు. అతని కూలి కళ్లములో కొలిచిన గింజలు. ఆ నీటి క్రింద అతనికి సెంటు భూమి యుండుట యరుదు. నీరు పంచినవాడే ఊరి బావిలో చేద వేయరాదు. 1927లో మహాడ్ చెఱువు నీటిని త్రాగి అంబేద్కరు ఎత్తిన ప్రశ్న మన ప్రతి గ్రామమునకును చెందినది. 1981లో శ్రీశైలము జలాశయము కొఱకు సుమారు నూఱు గ్రామములు ఖాళీ చేయింపబడినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఱాయి ఱాయిగా విప్పి ఆలంపురమున మఱల నిలిపిరి. శిలలకు చూపిన శ్రద్ధ మనుష్యులకు చూపితిమని చెప్పుట కష్టము. 1997 నాటి నీటి వినియోగదారుల సంఘముల చట్టము రైతులకు అధికారమిచ్చినది మంచిదే. కాని అది నిర్ణయమును ఆయకట్టు భూములవారి చేతనుంచినది. ఆ చెఱువుమీదనే బ్రతుకు జాలరికి, చాకలికి, పశువుల కాపరికి, ఎండకాలమున బిందెతో నడచు స్త్రీకి ఆ సభలో మాట తక్కువ.

కనుక నీటి యార్థికమనగా నీటికి వెల కట్టుట మాత్రమే కాదు. ఎంత నీరున్నదో ప్రకృతినుండి తెలిసికొనవలెను. ఎవరికి ఎంతయో సభలో తేల్చుకొనవలెను. మూల్యమెవరు చెల్లించుచున్నారో దాపఱికము లేక వ్రాసికొనవలెను. ఈ మూడును జరిగిన పిమ్మటనే వెల మాట. ఈ క్రమము తలక్రిందైనచో, వెల చెల్లింపగలవాడే నీటికి యజమానుడగును.

తెలుగు శాఖలవారికి ఇందు చేయదగిన పని కలదు. తూము, మదుము, అలుగు, మరవ, కలుజు, శికము, ఆయకట్టు, ఆరుతడి, దశబంధము – ఈ పదములలో ప్రతిదియు ఒక యేర్పాటును, ఒక హక్కును, ఒక బాధ్యతను తనలో దాచుకొనియున్నది. వీనిని జిల్లాలవారీగా సేకరించి, శాసన ప్రయోగములతో సరిపోల్చి, అర్థపరిణామమును నిర్ణయించినచో, నీటిని మనవారెట్లు పంచుకొనిరో తెలియును. నీరటి వృత్తి చేసిన వృద్ధులు కొందఱు ఇంకను గ్రామములలో నున్నారు. వారి మాటలను వ్రాసికొనుటకు ఆలస్యము చేయరాదు. పోరుమామిళ్ల శాసనమున సాధనముల పట్టిక రాజుతో మొదలై పనివారితో ముగియుచున్నది. మన పరిశోధన ఈ చివరి సాధనమునుండి మొదలుపెట్టుట మంచిదని మేము భావించుచున్నాము.